పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశా, వైఫై మాయం

2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అండీ, అందులో లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేశాను. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికే బయోస్‌తో (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగులు) అరగంట కుస్తీ పట్టాను, తీరా ఇన్‌స్టాల్ అయ్యాక చూస్తే వైఫై గుర్తే లేదు. ఎక్కడ చూసినా డ్రైవర్ (వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్) డౌన్‌లోడ్ చేసుకోమనేవాళ్లే, నెట్టే లేనప్పుడు ఎలా చేయాలో ఒక్కరూ చెప్పరు! లినక్స్ సులువు అంటారే, ఇదేనా సులువు అంటే?

జవాబు 1: ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్‌లోని నెట్‌ను ల్యాప్‌టాప్‌కి ఇచ్చే సెట్టింగు) ఆన్ చేయండి. లినక్స్ దాన్ని మామూలు వైరు కనెక్షన్‌లా తీసుకుంటుంది. ఆ తర్వాత టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) కమాండ్ కొడితే వైఫై చిప్ పేరు తెలుస్తుంది, దాన్ని బట్టి డ్రైవర్ వెతకండి.

జవాబు 2: కొన్ని చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను (చిప్ పనిచేయడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) లైసెన్సు గొడవల వల్ల డిస్ట్రోలో (మీరు వేసిన లినక్స్ రకం) కలపరు, తప్పు మీది కాదు. ఈసారి ఇన్‌స్టాల్ చేసే ముందు లైవ్ మోడ్‌లోనే (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపడం) వైఫై, సౌండ్ చూసుకోండి. అన్నట్టు 2 జీబీకి ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాపే (తెర మీద కనిపించే మెనూలు, విండోలు) నయం, అయినా బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఏదైనా మూలుగుతుంది.

అడిగినవారు: టెథరింగ్ పనిచేసిందండీ! డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశాక వైఫై వచ్చింది. ఇప్పుడు సౌండ్ రావట్లేదు.