12వ పిక్‌లో గార్డ్‌ని తీసుకోవడం కరెక్టేనా?

ప్లేనో_రమణ (ఏప్రిల్ 25, 2025, ఉదయం)

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆఫీసుకి బయల్దేరే ముందు ఇది రాసేసి వెళ్తున్నాను.

నిన్నటి ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే చోట, మొదటి రౌండ్‌లో మన డల్లాస్ కౌబాయ్స్‌కి 12వ పిక్ వచ్చింది. దాంతో అలబామా యూనివర్సిటీ గార్డ్ (ముందు వరసలో నిలబడి అవతలివాళ్లని అడ్డుకునేవాడు) టైలర్ బుకర్‌ని తీసుకున్నారు. కుర్రాడిలో వంక పెట్టడం లేదు. జాక్ మార్టిన్ మార్చిలో రిటైర్ అయ్యాడు, కుడి గార్డ్ చోటు ఖాళీ అయింది, ఏప్రిల్‌లో గార్డ్‌ని తెచ్చి అక్కడ నిలబెట్టారు. ఖాళీని చూసి మనిషిని వెతకడం ప్లానింగా? ఆ సమయానికి బోర్డు మీద (ఇంకా ఎవరూ ఎంచుకోని ఆటగాళ్ల జాబితాలో) ఉన్నవాళ్లలో అందరికంటే గొప్ప ఆటగాడిని తీసుకోవాలి. ఖాళీల సంగతి తరవాత.

మన చరిత్రే సాక్ష్యం. 2017లో పాస్ రషర్ (అవతల బంతి విసిరేవాడి మీదికి దూకేవాడు) కావాలి కావాలి అని 28వ పిక్‌లో టాకో చార్ల్‌టన్‌ని తీసుకున్నాం. రెండేళ్లలో 4 శాక్స్ (బంతి విసిరేలోపే వాణ్ని పడగొట్టడం) చేశాడు, మూడో ఏడు మొదట్లోనే వదిలేశారు. మన తరవాత రెండో పిక్, 30లో, స్టీలర్స్ టి.జె. వాట్‌ని ఎగరేసుకుపోయారు. అదే 2020లో రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) మనకి అంత అవసరం కాదు, అమారీ కూపర్ ఉన్నాడు, గాలప్ ఉన్నాడు. అయినా 17లో సీడీ ల్యాంబ్‌ని తీసుకున్నాం. 2021లో కార్నర్‌బ్యాక్ (అవతలి రిసీవర్‌ని కాచేవాడు) కోసం కూర్చుంటే హార్న్ 8లో, సర్టెయిన్ 9లో వెళ్లిపోయారు. 10 నుంచి 12కి దిగి మైకా పార్సన్స్‌ని తీసుకున్నాం. అవసరం చెయ్యి దాటిపోబట్టి పార్సన్స్ దొరికాడు మనకి.

ఇర్వింగ్_కిరణ్

అన్నా, రిసీవర్ సంగతేంటి? కుక్స్ సెయింట్స్‌కి వెళ్లిపోయాడు. ల్యాంబ్ ఒక్కడే ఎంతని లాగుతాడు? 12 దగ్గర ఎగ్బుకా ఉన్నాడు, గోల్డెన్ ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఫ్రిస్కో_రాజు

రమణ గారూ, మీ సాక్ష్యమే మీకు ఎదురు తిరుగుతోంది చూడండి. టి.జె. వాట్ కూడా పాస్ రషరే. అంటే ఆ రోజు మన అవసరం తప్పు కాదు, ఆ అవసరానికి ఎంచుకున్న మనిషి తప్పు. వాట్‌ని తీసుకుని ఉంటే అదీ అవసరం కోసం తీసుకున్న పిక్కే అయ్యేది కదండీ.

ఇక లైన్ (సెంటర్, గార్డ్‌లు, టాకిల్‌లు నిలబడే ముందు వరస) సంగతి. 2011లో 9వ పిక్ టాకిల్ టైరన్ స్మిత్. 2013లో 18 నుంచి 31కి దిగి ట్రావిస్ ఫ్రెడరిక్‌ని తీసుకుంటే, సెంటర్‌కి మొదటి రౌండా అని ఊరంతా నవ్వారు. 2014లో 16వ పిక్ దగ్గర యజమాని జెర్రీ జోన్స్ మనసంతా బంతి విసిరే జానీ మాన్‌జియెల్ మీద ఉంటే, సొంత కొడుకు స్టీఫెనే వద్దని ఆపాడు, జాక్ మార్టిన్ వచ్చాడు. ఆ ఏడాదే మన రన్నర్ డిమార్కో మర్రే 1,845 గజాలు పరిగెత్తాడు, మనం 12 గెలిచి 4 ఓడాం. ఆ మార్టిన్ 9 సార్లు ప్రో బౌల్, 7 సార్లు ఫస్ట్ టీమ్ ఆల్ ప్రో (రెండూ ఆ ఏటి మేటి ఆటగాళ్లకి దక్కే గౌరవాలు). మరి ఆ 16వ పిక్ వృథా అంటారా?

కొత్త_సుధ

నేను కిందటేడాది నుంచే చూస్తున్నాను, తప్పుగా అనుకోకండి. ఈ డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిదేనా?

కవిత_కరీంనగర్

కాదు సుధా. వేలంలో డబ్బు ఎక్కువ పెట్టినవాళ్లకి ఆటగాడు. ఇక్కడ పాట పాడటం ఉండదు. 32 టీమ్‌లు, 7 రౌండ్లు, కిందటి సీజన్‌లో అందరికంటే ఓడినవాళ్లకి మొదటి పిక్, గెలిచినవాళ్లకి చివరి పిక్. మనం 7 గెలిచి 10 ఓడాం కాబట్టి 12 వచ్చింది. పిక్‌లని ఇచ్చిపుచ్చుకోవచ్చు, వచ్చే ఏడాదివి కూడా. కాలేజీ నుంచి వచ్చే కుర్రాడికి ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లడమే.

ప్లేనో_రమణ

రాజు గారూ, వాట్ దగ్గరే ఆగిపోయారు మీరు. నేను చెప్పింది ఏంటంటే, అవసరం కళ్లకి గంతలు కడుతుంది. ఎత్తు ఉంది, చేతులు పొడుగున్నాయి, ఎడ్జ్ (లైన్ చివర నుంచి దూకే పాస్ రషర్) ఆడతాడు, మనకి ఎడ్జ్ కావాలి, అంతే, సంతకం. కావాలన్న తొందరలో మనిషిని సరిగ్గా చూడం. 2023లో 26వ పిక్‌లో మాజి స్మిత్ అనేవాడు కూడా అంతే. రన్ ఆపలేకపోతున్నాం, బరువైన వాడు కావాలి, అదిగో బరువైన వాడు. రెండేళ్లయింది, ఏం ఒరిగింది?

ఇంకోటి. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2011 ఒప్పందం నుంచి కొత్త కుర్రాళ్ల జీతం పిక్ నంబర్‌ని బట్టే ఉంటుంది, పొజిషన్‌ని బట్టి కాదు. 12లో గార్డ్‌ని తీసుకున్నా, రిసీవర్‌ని తీసుకున్నా, పాస్ రషర్‌ని తీసుకున్నా దాదాపు అదే డబ్బు. మరి బయట మార్కెట్లో ఎవరు ఖరీదు? కిందటేడు ల్యాంబ్‌కి 4 ఏళ్లకి 136 మిలియన్లు ఇచ్చాం. ఖరీదైన పొజిషన్‌ని డ్రాఫ్ట్‌లో చౌకగా తెచ్చుకుని, గార్డ్‌ని బయట కొనుక్కోవాలి. మా అమ్మ రైతుబజారులో చేసే లెక్క ఇది.

ఫ్రిస్కో_రాజు

గార్డ్ చౌక అని మీకు ఎవరు చెప్పారండీ? కిందటేడాది మార్చిలో ఈగల్స్ లాండన్ డికర్సన్‌కి ఏడాదికి 21 మిలియన్లు ఇచ్చారు. గార్డే అతను. ఆ ఈగల్సే ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్లో) చీఫ్స్‌ని 40-22తో కొట్టారు. చీఫ్స్‌కి లెఫ్ట్ టాకిల్ లేక గార్డ్ థూనీని అక్కడ నిలబెట్టారు. ఏమైంది? వాళ్లకి బంతి విసిరే మహోమ్స్ అంతటివాణ్ని 6 సార్లు పడగొట్టారు. లైన్‌లో ఒక్క చోటు కదిలితే పక్క చోటు కూడా కదులుతుంది.

వాట్ విషయంలో మీరు ఇంకా సమాధానం చెప్పలేదు.

బ్లిట్జ్_బాబు

వాట్‌ని వదిలెయ్యండయ్యా. ఎనిమిదేళ్లయింది.

ప్లేనో_రమణ

సమాధానం చెప్తాను, వినండి. ఇది ఆట సంగతి కాకపోయినా చెప్తాను.

2018లో నన్ను ఒక కంపెనీ తీసుకుంది. నేను పన్నెండేళ్లు జావా డెవలపర్‌ని. వాళ్లకి ఆ నెలలో ఒక ప్రాజెక్టులో టెస్టింగ్ మనిషి లేడు. 'ఇప్పటికి ఇందులో కూర్చోండి, తరవాత మారుద్దాం' అన్నారు. కూర్చున్నాను. పద్నాలుగు నెలలు ఒకే ఎక్సెల్ షీట్‌లో పాస్, ఫెయిల్ అని టైప్ చేశాను. ప్రాజెక్టు అయిపోయింది, ఖాళీ లేదు కాబట్టి నేనూ లేను. హెచ్-1బి మీద 60 రోజులు. పెద్దది మూడో క్లాసు. ఇంట్లో సామాను సగం అట్టపెట్టెల్లో పెట్టుకుని ఇంటర్వ్యూలు ఇచ్చాను. నా పని బాగాలేదని ఒక్కరూ అనలేదు. ఖాళీ కోసం తీసుకున్నారు, ఖాళీ పోగానే పంపేశారు. అవసరం ఏడాదికొకటి పుడుతుంది. మనిషిని దానికి కట్టేస్తే అవసరంతోపాటు మనిషి కూడా పోతాడు. చార్ల్‌టన్‌లో నాకు కనిపించేది అది.

ఫ్రిస్కో_రాజు

మీకు అలా జరిగినందుకు బాధగా ఉంది. కానీ మీ ఉద్యోగానికి, బుకర్‌కి ఏం సంబంధం? సొంత గాయం తెచ్చి గార్డ్ మీద రుద్దుతున్నారు. మొదటి పోస్టు నుంచీ మీ మాటల్లో ఒకటే వినిపిస్తోంది, గార్డ్ అంటే ఎవడైనా చెయ్యగల పని అని.

ప్లేనో_రమణ

నేను ఆ మాట ఎక్కడ అన్నాను? చూపించండి. అనని మాట నా నోట్లో పెట్టకండి.

ఫ్రిస్కో_రాజు

'బయట కొనుక్కోవాలి' అన్నారు. రైతుబజారు అన్నారు. అంతకంటే ఏం చూపించాలి?

మావాడు పదకొండో తరగతి. స్కూల్ టీమ్‌లో లెఫ్ట్ గార్డ్. కిందటి సీజన్‌లో ఒక మ్యాచ్ ఫోర్డ్ సెంటర్‌లో, కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసే అదే హాల్లో ఆడాడు. వాళ్ల రన్నర్ 60 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. మైకులో రన్నర్ పేరు చెప్పారు, స్టాండ్స్‌లో రన్నర్ వాళ్ల నాన్నని అందరూ కౌగిలించుకున్నారు. మావాడు మాత్రం ఇరవై గజాల వెనకాల ఒకడి మీద పడుకుని ఉన్నాడు. ఆ దారి తీసింది వాడు. పక్కన మన తెలుగాయనే, మంచివాడే, 'మీవాడికి ఎప్పుడూ బంతి ఇవ్వరేంటండీ' అని అడిగాడు. ఇంటికొచ్చాక టేపు విప్పితే వేళ్లు వాచి ఉన్నాయి. వాళ్లమ్మ పెరుగన్నం కలిపి పెడితే చెంచా పట్టుకోలేక, ఆవిడే ముద్దలు పెట్టింది. పదహారేళ్ల వాడికి. వాడి హెల్మెట్ మీద అవతలి టీమ్ హెల్మెట్ల రంగు గీతలుగా అంటుకుని ఉంది. అది తుడవనివ్వడు.

నిన్న 12వ పిక్ దగ్గర గార్డ్ అని పేరు పిలిచినప్పుడు వాడు సోఫా మీద నుంచి లేచి నిలబడ్డాడు. పొద్దున్నే లేచి చూస్తే మన తెలుగువాళ్లే 'గార్డ్‌కి ఇంతా' అని రాస్తున్నారు.

మోడరేటర్

ఇద్దరూ పెద్దవాళ్లు. ఒకరి ఇంటి సంగతి మీద ఇంకొకరు వ్యాఖ్య చెయ్యకండి. థ్రెడ్ మూయడం నాకు ఇష్టం లేదు.

కవిత_కరీంనగర్ (ఏప్రిల్ 26)

ఈలోపు రెండు, మూడు రౌండ్లు కూడా అయ్యాయి, ఎవరూ మాట్లాడటం లేదు. 44లో బోస్టన్ కాలేజ్ ఎడ్జ్ డోనొవన్ ఎజెరువాకు, కిందటి సీజన్‌లో 16.5 శాక్స్. 76లో ఈస్ట్ కరోలినా కార్నర్ షావాన్ రెవెల్. సెప్టెంబర్‌లో మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగబట్టి అంత కిందికి దొరికాడు. మన ఎడ్జ్ డిమార్కస్ లారెన్స్ సీహాక్స్‌కి పోయాడు, మన కార్నర్ జోర్డన్ లూయిస్ జాగ్వార్స్‌కి పోయాడు. అంటే రెండూ ఖాళీలే, రెండూ బోర్డు మీద పైన ఉన్నవాళ్లే. ఇవి అవసరమా, బెస్ట్ ప్లేయరా?

పిక్‌లు 32 ఉన్నా, నిజంగా మొదటి రౌండ్ మార్కులు వచ్చేవాళ్లు ఏ ఏడాదీ అంతమంది ఉండరు. అందుకే టీమ్‌లు మెట్లు మెట్లుగా రాసుకుంటాయి. ఒకే మెట్టు మీద నలుగురుంటే అప్పుడు ఖాళీ చూస్తారు. ఖాళీ కోసం కింది మెట్టుకి దిగితేనే తప్పు. బుకర్ ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్పకుండా మీరిద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు.

ఇర్వింగ్_కిరణ్

అక్కా, రిసీవర్ మాత్రం ఇంకా రాలేదు.

ప్లేనో_రమణ

కవిత గారి మాట ఒప్పుకుంటాను. రెండో, మూడో రౌండ్ పిక్‌లు నాకు నచ్చాయి.

రాజు గారూ, మీ పోస్టు రాత్రి రెండుసార్లు చదివాను. బాబు లేచి నిలబడ్డాడని రాశారు చూశారా, అక్కడ ఆగిపోయాను. గార్డ్ పని చిన్నదని నేను అనుకోలేదు, కానీ రైతుబజారు మాట అనకుండా ఉండాల్సింది.

ఇప్పుడు నా కోపం ఎవరి మీదో సరిగ్గా చెప్తాను. మార్టిన్ కాంట్రాక్ట్ 2024తో అయిపోతుందని ముందే తెలుసు. 34 ఏళ్లు వచ్చాయని తెలుసు. 2024 డ్రాఫ్ట్ మూడో రౌండ్‌లో కూపర్ బీబీ అనే గార్డ్‌ని తీసుకున్నాం కూడా. ఏం చేశాం? సెంటర్ బియాడెస్ వాషింగ్టన్‌కి వెళ్లిపోయాడు కాబట్టి బీబీని సెంటర్ చేశాం. టైరన్ స్మిత్ జెట్స్‌కి వెళ్లిపోయాడు కాబట్టి మొదటి రౌండ్ పిక్‌ని టాకిల్ గైటన్ మీద పెట్టాం. నాలుగేళ్లలో మూడు మొదటి రౌండ్ పిక్‌లు లైన్‌కే పోయాయి, అయినా లైన్‌లో ఎప్పుడూ ఒక కన్నం. మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాళ్లని కొనుక్కునే కాలం) తెరిచినప్పుడు జేబులో చెయ్యి పెట్టరు. ఏప్రిల్‌లో ఉన్న ఒక్క మంచి పిక్‌ని తెచ్చి కన్నం పూడుస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఇదే. బుకర్ గొప్పవాడే అయినా, వాణ్ని తీసుకోవడం తప్ప ఇంకో దారి లేని స్థితికి ఈ టీమ్‌ని తెచ్చింది ఎవరు?

ఫ్రిస్కో_రాజు

ఇది మొదటి రోజే రాసి ఉంటే మనకి గొడవే లేదు కదండీ.

కానీ ఇక్కడ కూడా నేను మీతో లేను. మీరు 2028ని చూస్తున్నారు. నేను సెప్టెంబర్‌ని చూస్తున్నాను. మనకి బంతి విసిరే డాక్‌కి జులైలో 32 వస్తాయి. కిందటేడు 240 మిలియన్ల కాంట్రాక్ట్ ఇచ్చాం, నవంబర్‌లో తొడ కండరం పోయి కూర్చున్నాడు. అతను నిలబడి బంతి వెయ్యగలిగిన ఏళ్లు ఇంకెన్ని? మనం ఆఖరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. యజమాని మార్చిలో ఏం చేశాడో నాకూ తెలుసు, నాకూ కోపమే. అయినా ఏప్రిల్ 24న బోర్డు ముందు కూర్చున్నవాడు మార్చిని వెనక్కి తేలేడు. ఉన్న ఖాళీకి దొరికిన మంచి మనిషిని తేవాలి. తెచ్చారు.

ప్లేనో_రమణ

ప్రతి ఏప్రిల్‌లోనూ అదే మాట చెప్పుకుంటున్నాం. అందుకే ప్రతి మార్చీ అలా పోతోంది.

ఇర్వింగ్_కిరణ్ (మే 7)

పికెన్స్ వచ్చాడు!!! రిసీవర్ జార్జ్ పికెన్స్!! స్టీలర్స్ నుంచి ట్రేడ్!! ఇక ల్యాంబ్ ఒక్కడే లాగక్కర్లేదు.

కవిత_కరీంనగర్

2026 మూడో రౌండ్, 2027 అయిదో రౌండ్ ఇచ్చాం. అతనితోపాటు 2027 ఆరో రౌండ్ పిక్ వస్తుంది. కాంట్రాక్ట్‌లో ఇంకో ఏడాదే ఉంది, అది గుర్తుపెట్టుకోండి.

ఫ్రిస్కో_రాజు

రమణ గారూ, 12లో రిసీవర్‌ని తీసుకుని ఉంటే ఇప్పుడు గార్డ్ కోసం ఇలా పిక్‌లు ఇచ్చేవాళ్లం. ఏదో ఒకటి ఇవ్వాల్సిందే.

ప్లేనో_రమణ

ఒక్క ఏడాది కాంట్రాక్ట్ ఉన్న మనిషి కోసం వచ్చే ఏడాది మూడో రౌండ్ ఇచ్చేశారు. బీబీ మూడో రౌండే, రెవెల్ మూడో రౌండే. వచ్చే ఏప్రిల్‌లో ఆ చోట ఎవరు ఉండేవారో రాసిపెట్టుకుంటాను. నా మాట మీద నేనున్నాను.

బాబు మ్యాచ్‌లు ఆగస్టు ఆఖర్లో మొదలవుతాయి కదా. జెర్సీ నంబర్ ఎంత?

ఫ్రిస్కో_రాజు

64. బంతిని చూడకండి, అటే చూస్తూ ఉండండి.