తుంటి ఆపరేషన్‌కి వెన్నుకి మత్తా, ఫుల్ మత్తా?

పాలకొల్లు శ్రీను: మా అత్తయ్యకి 72. పెరట్లో పాచి మీద జారిపడి తుంటి విరిగింది. ఎల్లుండి భీమవరంలో ఆపరేషన్. ఏ మత్తు ఇస్తారంటే "మత్తు డాక్టరు చూసుకుంటారు" అన్నారు. దేనికి తొందరగా కోలుకుంటారండీ?

రాజోలు లంక: వెన్నుకే ఇప్పించండి. మా అమ్మకి ఫుల్ మత్తిచ్చారు. వారం దాకా మనిషి మనిషిలో లేదు. నన్ను చూసి "మీరెవరి తాలూకండీ" అంది. మూత్రం గొట్టం పీకేసుకుంది.

ఓటీ తమ్ముడు: నేను థియేటర్ టెక్నీషియన్నండి. మతి తప్పడం ఏ మత్తుకైనా ఉంది. 2021లో వచ్చిన రీగెయిన్ అధ్యయనంలో అమెరికా, కెనడాల్లో తుంటి విరిగిన 1600 మందిని చూశారు. 60 రోజులకి చనిపోయినవాళ్ళూ, వాకరుతోనైనా సొంతంగా పది అడుగుల దూరం నడవలేనివాళ్ళూ కలిపి వెన్ను మత్తులో 18.5 శాతం, ఫుల్ మత్తులో 18.0. మతి తప్పినవాళ్ళు రెండింట్లోనూ 20 శాతం దగ్గరే.

ఆత్రేయపురం: వెన్నుకి సూదేస్తే జన్మంతా నడుంనొప్పే. మా వదిన్ని అడగండి.

రాజోలు లంక: పది అడుగులా! మా ఇంట్లో మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్‌కే ముప్పై అడుగులు. పది నడిస్తే కోలుకున్నట్టా?

ఓటీ తమ్ముడు: అది కొలతండీ బాబూ. వదినగారి సంగతికొస్తే, సూది గుచ్చినచోట నొప్పి కొద్దిరోజుల్లో పోతుంది. కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి కొందరికొస్తుంది, పెద్ద వయసువాళ్ళకి తక్కువ. లంక గారూ, అమ్మగారికి ఆపరేషన్ ఎన్నో రోజున చేశారు?

రాజోలు లంక: ఐదో రోజున. గుండెకి క్లోపిడోగ్రెల్ వాడేది, అదే, రక్తం గడ్డకట్టకుండా వేసే బిళ్ళ. అది ఆపి ఆగాలన్నారు.

ఓటీ తమ్ముడు: అదీ సంగతి. ఆ బిళ్ళ పనిచేస్తుండగా వెన్నులో సూదేస్తే లోపల రక్తం చేరి, నరాలు నొక్కుకుపోయి కాళ్ళు పడిపోవచ్చు. ఫుల్ మత్తే అనుకుంటే అన్నాళ్ళు ఆగక్కర్లేదు. ఆ వయసులో ఐదు రోజులు నొప్పితో కదలకుండా పడుంటే మతి తప్పడానికి అదే చాలు.

రాజోలు లంక: మరి ఎలాగూ ఫుల్ మత్తే ఇచ్చినప్పుడు ఐదు రోజులు ఎందుకు పడుకోబెట్టారయ్యా? ఈ ముక్క ఆరోజు ఒక్కరు చెప్పారా? కాగితం ఇచ్చారు, సంతకం పెట్టాను. మత్తు డాక్టరు మొహం కూడా చూడలేదు.

ఓటీ తమ్ముడు: మా వైపు ఒక్కో మత్తు డాక్టరు రోజుకి రెండు మూడు ఆసుపత్రులు తిరుగుతారు. అందరినీ కూర్చోబెట్టి చెప్పాలంటే...

రాజోలు లంక: చెప్పాలి! ఎకరం కౌలుకిస్తేనే కాగితం రెండుసార్లు చదివి వినిపిస్తాం.

ఆత్రేయపురం: ఆయ్, అది నిజం.

పాలకొల్లు శ్రీను: అత్తయ్య కూడా ఏదో గుండె బిళ్ళ వేసుకుంటుంది. చెప్పాలా?

ఓటీ తమ్ముడు: ఇప్పుడే చెప్పండి. బిళ్ళల అట్టలన్నీ పట్టుకెళ్ళండి. వెన్నుకైతే బీపీ పడిపోవచ్చు, మూత్రం ఆగొచ్చు. ఫుల్ మత్తుకి వాంతులు, గొంతునొప్పి. ఏదిచ్చినా మర్నాడే లేపి కూర్చోబెట్టించండి.

రాజోలు లంక: మత్తు డాక్టరు వచ్చి మాట్లాడేదాకా సంతకం పెట్టకండి.

ఓటీ తమ్ముడు: సంతకం ఆపితే ఆపరేషనూ ఆగుతుంది. మళ్ళీ ఐదు రోజులు పడుకోబెడతారా?