సమస్యాపూరణం: “చావకున్న వాఁడు జయము గనఁడు”

నిర్వాహకుడు:
మిత్రులారా, మన గుంపులో సగం మందికి గేమ్ పాత్రలంటే ప్రాణం, మిగతా సగానికి ఫ్రెంచి నవలలంటే ప్రాణం. రెండు వర్గాలకూ పనికొచ్చే సమస్య ఒకటి తట్టింది. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. కథానాయకుడు గేములోంచి రావాలి, లేదా ఫ్రెంచి నవలలోంచి. సావిత్రీ సత్యవంతులు, మార్కండేయుడు వద్దు. వాళ్లతో అయితే నిద్రలో కూడా పూరించేస్తారు మీరు.

చావకున్న వాఁడు జయము గనఁడు

మీటనొక్కు:
నా హీరో 2020లో వచ్చిన ‘హేడీస్’ గేములోని జాగ్రియస్.

తండ్రి యిల్లు వీడి తల్లిని వెదకంగ
బయలుదేఱి పడుచుఁ బడుచు లేచి
రక్తనదిని మునిఁగి రాఁగానె కథ సాగు
చావకున్న వాఁడు జయము గనఁడు

గణగణ:
పురాణాలు వద్దంటే గ్రీకు పురాణం పట్టుకొచ్చారు! సరే, గేము ద్వారా వచ్చింది కాబట్టి వదిలేస్తున్నా. ‘పడుచుఁ బడుచు’ భలే ఉంది. పడుతూ పడుతూ అని ఒక అర్థం, ఆ కుర్రాడి పడుచుతనం ఇంకో అర్థం. కావాలని వేశారా, కలిసొచ్చిందా? ఒక్క లోటు మాత్రం ఉంది. ఆట ఆడనివాళ్లకు ఈ కొడుకెవరో, చస్తే కథ ముందుకెలా సాగుతుందో పద్యంలో తెలియదు.

మీటనొక్కు:
కలిసొచ్చిందే, ఒప్పేసుకుంటున్నా. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. జాగ్రియస్ పాతాళ రాజు హేడీస్ కొడుకు, అక్కణ్ణుంచి పారిపోవాలని చూస్తుంటాడు. చచ్చిన ప్రతిసారీ తండ్రి ఇంట్లో, స్టిక్స్ నది మడుగులోంచి లేస్తాడు. అప్పుడే ఇంట్లోవాళ్లు కొత్త మాటలు చెబుతారు, కొత్త రహస్యాలు బయటపడతాయి. మామూలు గేముల్లో చావు అంటే శిక్ష, ఇందులో అది తర్వాతి అధ్యాయం. ఆఖరికి తండ్రిని ఓడించి పైలోకంలో తల్లి దగ్గరికి చేరినా అక్కడ ఎక్కువసేపు బతకలేడు, మళ్లీ కిందికే. తల్లితో పూర్తిగా మాట్లాడాలంటే ఎన్నిసార్లు చావాలో!

కొత్తకలం:
పద్యం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే తిట్టకండి.

మారియో గెంతి గోతిలో పడిపోయె
మళ్లీ లేచి మళ్లీ పడిపోయె...

ఇక్కడే ఆగిపోయాను. పదాలున్నాయి కానీ పాదం నడవడం లేదు.

గణగణ:
తిట్టేదేముంది తమ్ముడూ, నీ పద్యం కూడా నీ మారియోలాగే మొదటి గోతిలో పడింది, అంతే. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు ముందు మూడు సూర్యగణాలు, ఆ తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. సూర్యగణం అంటే మూడు లఘువులు, లేదా గురువు లఘువు. ‘మారియో’ను గుణించి చూడు. గురువు, లఘువు, గురువు. అది రగణం, అంటే ఇంద్రగణం. మొదటి గణంగా పనికిరాదు. నాలుగో చోట కూర్చోబెట్టి, యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరం నాలుగో గణం మొదటి అక్షరంతో జతపడడం కోసం, పాదాన్ని ‘మ’తో మొదలుపెట్టు. రెండో పాదంలో మొత్తం అయిదూ సూర్యగణాలే.

కొత్తకలం:
రాత్రంతా వేళ్ల మీద లెక్కపెట్టాను. సవరించిన పూరణ:

మరల మరల దుమికి మారియో గోతిలోఁ
గూలి కూలి కొలత గుర్తుపట్టె
మూఁడు బతుకు లుడిగి మొదటికి వచ్చెను
చావకున్న వాఁడు జయము గనఁడు

నిర్వాహకుడు:
శభాష్! ‘కొలత గుర్తుపట్టె’ దగ్గర ఆగిపోయాను. గోతి అంచున ఎక్కడ మీట నొక్కాలో వేలికి తెలిసేది పడ్డాకే. ‘ఉడిగి’ అనే పాత మాట నీకెక్కడ దొరికిందో చెప్పాలి.

కొత్తకలం:
గణం కుదరక ‘పోయి’, ‘అయి’ అన్నీ మార్చి చూస్తుంటే అమ్మ అందించింది అండీ.

పాతఅట్ట:
గేములవాళ్లు మూడు ప్రాణాల లెక్క చెబుతున్నారు. మావాడికి ఉన్నది ఒక్కటే.

గోనె సంచిలోన గురువు బదులు దూఱి
కాళ్ల గుండుతోడఁ గడలిఁ బడియె
కత్తితోడఁ గోసి కౌంటుగా వెలుఁగొందె
చావకున్న వాఁడు జయము గనఁడు

ఎడ్మండ్ దాంతెస్ అని వేరే చెప్పాలా! 1844లో ధారావాహికగా మొదలైన ‘ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ నవల హీరో. చేయని నేరానికి షాతో దిఫ్ కోటలో 14 ఏళ్లు. పక్క గదిలోని ఖైదీ, తన గురువు ఫరియా చనిపోతే, ఆ శవాన్ని కుట్టిన సంచిలో తాను దూరతాడు. పూడుస్తారనుకుంటాడు, మట్టి తవ్వుకుని బయటపడొచ్చని. తీరా చూస్తే ఆ జైలుకు శ్మశానం సముద్రమే. కాళ్లకు 36 పౌన్ల గుండు కట్టి విసిరేస్తారు.

గణగణ:
గణాలు, యతులు దోషం లేవు. కానీ ‘గుండుతోడ’, ‘కత్తితోడ’ వరస పాదాల్లో రావడం చెవికి మోటుగా ఉంది. పైగా కత్తితో కోసింది దేన్ని? కర్మ లేదు. మూడో పాదానికి నా సూచన:

త్రాడుఁ గోసి తేలి ధనికుఁడై తిరుగాడె

ఇంకో పేచీ కూడా ఉంది. మీవాడు చచ్చాడా? చచ్చినట్టు నటించాడు. సమస్య అడిగింది చావడం.

పాతఅట్ట:
సవరణ తలదాలుస్తాను. పేచీకి మాత్రం ఒప్పుకోను. ఆ రాత్రి దాంతెస్ అనే నావికుడు నిజంగానే పోయాడు. తీరం చేరినవాడు వేరే మనిషి. పాత పేరుతో ఒక్కరి తలుపూ తట్టడు. ప్రేమించిన మెర్సెడెస్ గుర్తుపట్టినా ఆమె ఎదుట చాలాకాలం ఆ పేరు ఒప్పుకోడు. అది చావు కాకపోతే మరేమిటి?

మీటనొక్కు:
నేను పాతఅట్ట గారి వైపు. గేములో ‘కంటిన్యూ’ నొక్కితే పాత మారియోనే వస్తాడు, ఈయన మారిపోయి వచ్చాడు. నవల మొదలుపెట్టాలనిపిస్తోంది. ఎన్ని పేజీలు?

పాతఅట్ట:
అడక్కండి. మొదలుపెట్టండి.

రెండోరౌండు:
చిన్నది నాది కూడా. ప్యాక్‌మ్యాన్ మీద.

నోరె యొడలు గాఁగ నూర్ల గడులు దాఁటి
చివరి గడికి వచ్చి చిక్కువడియె
చుక్క లొక్క చావు చూపించుఁ దొమ్మిది
చావకున్న వాఁడు జయము గనఁడు

గణగణ:
మూడో పాదం అర్థం కాలేదు, కానీ విన్పించిన తీరు బాగుంది. వివరించండి.

రెండోరౌండు:
1980 నాటి ఆ యంత్రంలో గడి (లెవెల్) సంఖ్యను ఒక్క బైటులో దాచారు. 255 దాటగానే లెక్క తప్పి 256వ తెరలో కుడి సగమంతా పిచ్చి అక్షరాలు. ఆ గందరగోళంలో తినడానికి తొమ్మిది చుక్కలు దాక్కుని ఉంటాయి. తినేశాక ప్రాణం పోతే అవి మళ్లీ పుట్టుకొస్తాయి. అత్యధిక స్కోరు 33,33,360 చేరాలంటే అక్కడిదాకా ఒక్క ప్రాణమూ పోకుండా ఆడి, అక్కడ మాత్రం కావాలని ఒక్కొక్క ప్రాణం వదలాలి.

గణగణ:
ఇన్ని పద్యాల్లో సమస్యలోని మాటను అక్షరాలా నిజం చేసింది ఇదొక్కటే. ‘గడి’ అంటే చదరం అనుకునే ప్రమాదం ఉంది గానీ, లెవెల్‌కి ఆటవెలదిలో ఇమిడే తెలుగు మాట నాకూ తట్టడం లేదు.

పాతఅట్ట:
ఇంకొకటి రాసి ఊరుకుంటా. ‘లే మిజెరాబ్ల్’ నవలలోని జాఁ వాల్జాఁ.

పాప నొకతెఁ బెంచఁ బారిపోవుచు వాఁడు
పెట్టెలోనఁ బండెఁ బీనుగగుచు
మట్టి మీఁదఁ బడిన మాటాడ కోర్చెను
చావకున్న వాఁడు జయము గనఁడు

మీటనొక్కు:
24601 నంబరు ఖైదీ! ఓడ మీంచి సముద్రంలో పడి పోయాడని పేపర్లో వేస్తారు, అదేనా?

పాతఅట్ట:
అది వేరే చావు. ఆ పడినప్పటి నంబరు 9430, రెండోసారి జైలుకి వెళ్లినప్పుడు ఇచ్చింది. ఇది ఆ తర్వాతది. కన్యాశ్రమంలో దాక్కున్నవాడు తోటమాలిగా ముందు గుమ్మం నుంచి లోపలికి రావాలంటే, ముందు ఎవరికీ తెలియకుండా బయటికి వెళ్లాలి. అతను పెంచుతున్న పాప కొజెట్‌ను బుట్టలో పెట్టి దాటించారు. ఇతనికి చనిపోయిన సన్యాసిని శవపేటికే దారి. తెలిసిన కాటికాపరి ఉంటాడనుకున్నారు, ఆ రోజు కొత్తవాడొచ్చాడు.

గణగణ:
‘బెంచ’, ‘బారి’, ‘బండె’, ‘బీనుగ’ అన్ని బకారాలూ సహజంగా పడ్డాయి. కానీ మూడో పాదం ఒప్పుకోను. మట్టి పడ్డాక ఆయన ఓర్చుకోలేదు, గాలి కంత మూసుకుపోయి స్పృహ తప్పాడు. నవల మీకే అప్పజెప్పాల్సి వస్తోంది!

పాతఅట్ట:
దొరికిపోయాను. వీరుణ్ణి చేయాలన్న ఆత్రంలో మూల కథను తప్పాను. మూడో పాదం ఇలా మారుస్తున్నా:

మట్టి మీఁదఁ బడఁగ మైకాన మునిఁగెను

కొత్తకలం:
అయ్యో, నేనిది చదవడం ఇప్పుడే మొదలుపెట్టానండీ. కథంతా చెప్పేశారు!

పాతఅట్ట:
కంగారు పడకు నాన్నా, అయిదు భాగాల్లో ఇది రెండోదే.