ఎల్‌ఈడీ మాస్క్ పెట్టుకునే ముందు సీరం రాయాలా, తీశాక రాయాలా?

చుక్కలచీర:

అందరికీ నమస్కారం. నా దగ్గర సిలికాన్ ఎల్‌ఈడీ మాస్క్ ఉంది. మూడు మోడ్‌లు: ఎరుపు, నీలం, ఎరుపుతో కలిపి కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్. నాకు గడ్డం చుట్టూ మొటిమలు వస్తాయి, పోతూ పోతూ నల్ల మచ్చలు వదిలిపోతాయి. నాది చామనఛాయ.

ఇప్పటికే వాడుతున్నవి: పొద్దున 15 శాతం విటమిన్ సి, నయాసినమైడ్ ఉన్న మాయిశ్చరైజర్, ఆపైన టింట్ సన్‌స్క్రీన్. రోజు మార్చి రోజు రాత్రి 0.3 శాతం రెటినాల్. వారానికోసారి గ్లైకాలిక్ యాసిడ్.

మాస్క్‌తో ఇచ్చిన పుస్తకంలో "శుభ్రమైన చర్మంపై 10 నిమిషాలు" అని తప్ప ఇంకేమీ లేదు. వీడియోల్లో తలా ఒక మాట. సీరం రాసుకుని పెట్టుకుంటే వెలుగు దాన్ని లోపలికి నెడుతుందని ఒకావిడ. వెలుగు తగిలితే రెటినాల్ చెడిపోతుంది, ఆ రోజు ముట్టుకోవద్దని ఇంకొకావిడ. విటమిన్ సి రాసుకుని ఎరుపు మోడ్ పెట్టుకుంటే నాకు బుగ్గలు చురచురలాడాయి. అది సీరం పనా, వెలుగు పనా? మచ్చలకు నీలం మోడ్ వాడొచ్చా?

నానోమీటర్ నాగమణి:

నేను డాక్టర్‌ని కాదు. ల్యాబ్‌లో ఎల్‌ఈడీల స్పెక్ట్రమ్ కొలవడం నా ఉద్యోగం. వెలుగు సంగతి వరకు చెప్తాను, చర్మం సంగతి తెలిసినవాళ్లు అందుకోండి.

ముందు ఆ "చెడిపోతుంది" మాట చూద్దాం. ఏ పదార్థమైనా వెలుగుకు చెడిపోవాలంటే ముందు ఆ వెలుగును అది పీల్చుకోవాలి. వెలుగును దాని తరంగం పొడవుతో, నానోమీటర్లలో కొలుస్తాం. రెటినాల్ బాగా పీల్చుకునేది 325 నానోమీటర్ల దగ్గర, అంటే అల్ట్రావయొలెట్‌లో. విటమిన్ సి ఇంకా కింద, 260 దరిదాపుల్లో. ఇలాంటి మాస్కుల్లో ఎరుపు 630 దగ్గర, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 830 దగ్గర ఉంటాయి. ఎరుపు ఎల్‌ఈడీ ఇచ్చేది సుమారు 20 నానోమీటర్ల వెడల్పున్న చిన్న పట్టీ మాత్రమే, అందులో అల్ట్రావయొలెట్ ఉండదు. ఆ ఎరుపును రెటినాల్ పీల్చుకోనే పీల్చుకోదు. రెటినాల్‌ను ముదురు రంగు సీసాలో పోయడం, రాత్రి రాసుకోమనడం ఎండను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. ఆ జాగ్రత్తను తెచ్చి ఎవరో మాస్క్‌కి తగిలించారు.

ఇక "నెడుతుంది". వెలుగుకు సీరంను నెట్టే శక్తి లేదండీ. కరెంటుతో మందును లోపలికి పంపే పద్ధతి ఉంది, అది అయాంటోఫొరెసిస్. అల్ట్రాసౌండ్‌తో పంపేది ఇంకొకటి. వాటికి జెల్ తప్పనిసరి. ఆ సలహానే ఎల్‌ఈడీ వీడియోల్లోకి జారిపడిందని నా అనుమానం.

మీ చురచురకు కారణం మాస్క్ ముఖాన్ని మూసేయడం అనుకుంటున్నాను. సిలికాన్ ముఖానికి అతుక్కుంటుంది, గాలి ఆడదు, లోపల వెచ్చబడి తడి చేరుతుంది. అలా మూసిపెట్టిన చర్మంలోకి ఏదైనా మామూలుకంటే ఎక్కువే దిగుతుంది. అచ్చమైన ఆస్కార్బిక్ యాసిడ్ సీరం పనిచేయాలంటే పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి, అంటే బాగా ఆమ్లంగా. అది అసలే ఘాటు. స్విచ్ వేయకుండా ఉత్తి మాస్క్ పెట్టుకున్నా అదే మంట వచ్చి ఉండేది.

ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది, వెలుగు దారికి అడ్డం పడేవి. మీ సన్‌స్క్రీన్‌కి ఆ రంగు తెచ్చేది దాదాపు ఎప్పుడూ ఐరన్ ఆక్సైడే. కళ్లకు కనిపించే వెలుగును ఆపడమే దాని ఉద్యోగం. దాని మీద మాస్క్ పెట్టుకుంటే ఆ 10 నిమిషాల్లో కొంత భాగం వృథా. మేకప్ కూడా అంతే. పలుచని, రంగులేని హైలురానిక్ జెల్ లాంటిదైతే పెద్ద తేడా రాదు, కానీ దానివల్ల ఒరిగేదీ లేదు. ముఖం కడిగి, తుడుచుకుని పెట్టుకోండి.

మోతాదు లెక్క కూడా చెప్తాను, నాకిష్టమైన విషయం. చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్లు ఇచ్చే మాస్క్‌ను 600 సెకన్లు పెడితే చదరపు సెంటీమీటరుకు 18 జౌళ్ల శక్తి. మీ పుస్తకంలో ఆ మిల్లీవాట్ల అంకె ఉందేమో వెతకండి. "150 బల్బులు" అని రాస్తే దానితో ఏమీ తేలదు. ఫలితం త్వరగా రావాలని అరగంట పెట్టుకోవడం కూడా పనికిరాదు, ఒక హద్దు దాటాక ఎరుపు వెలుగు ప్రభావం తగ్గుతుంది.

స్కిన్ ఓపీ సిస్టర్:

నాగమణి గారూ, బాగా చెప్పారు. నీలం సంగతి నేను అందుకుంటాను. నేను చర్మ విభాగంలో నర్సుని.

చామనఛాయ, మొటిమ పోయాక మచ్చ నిలిచే చర్మం. ఇలాంటివాళ్లు ఇంట్లో నీలం మోడ్ జోలికి వెళ్లొద్దనే నా మాట. మొటిమల్లో ఉండే బాక్టీరియా పార్ఫిరిన్లు అనే, వెలుగును పీల్చుకునే పదార్థాలను తయారుచేసుకుంటుంది. 415 నానోమీటర్ల నీలం వాటిని తాకితే బాక్టీరియా చస్తుంది, అంతవరకు నిజమే. కానీ అదే 415 రంగు తయారుచేసే కణాలను కూడా రెచ్చగొడుతుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు రంగులనూ పోల్చి చూశారు. 415 పడినచోట చర్మం నల్లబడి నెలల తరబడి అలాగే ఉంది, 630 పడినచోట ఆ నలుపు రాలేదు. మంగు ఉన్నవాళ్లకూ ఇదే మాట. పగలంతా టింట్ సన్‌స్క్రీన్‌తో ఆపుతున్న నీలాన్ని రాత్రి కొని తెచ్చుకుని మరీ వేసుకోవడం ఎందుకు చెప్పండి?

నాగమణి గారి మాటకు చిన్న చేర్పు. రెటినాల్‌కి ఎరుపుతో గొడవ లేదు, సరే. ట్రెటినాయిన్ జెల్ (రెటినాల్ జాతి మందు), బెంజాయిల్ పెరాక్సైడ్ (మొటిమల పైపూత మందు) ఒకేసారి రాసుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. పాతరకం ట్రెటినాయిన్ జెల్‌తో 1998లో చేసిన పరీక్షలో ఆ రెండూ కలిసి వెలుగులో ఉంటే రెండు గంటల్లో ట్రెటినాయిన్ సగానికి పైగా పోయింది. అదే జాతికి చెందిన అడాపలీన్ మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ అసలు దొంగ బెంజాయిల్ పెరాక్సైడే, వెలుగు దానికి తోడు.

మందు రాసి దానిమీద వెలుగు వేసే చికిత్స నిజంగానే ఉంది. అమినోలెవులినిక్ యాసిడ్ రాసి కొంతసేపు ఆగి వెలుగు పెడతారు. ఎండకు చర్మం మీద వచ్చే క్యాన్సర్‌కు ముందటి మచ్చల కోసం అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని నీలం వెలుగుతో 1999లో ఆమోదించింది. మందు కణాల్లో పార్ఫిరిన్‌గా మారుతుంది, వెలుగు తగలగానే ఆ కణాలు చస్తాయి. రోగులు మంట భరించలేక చేతిలో ఫ్యాన్ పట్టుకుని కూర్చుంటారు. వెలుగుతో నిజంగా కలిసి పనిచేసే మందంటే అలా ఉంటుంది. అది డాక్టర్ ముందే జరగాలి.

అడక్కుండానే వచ్చా:

ఇంతకీ ఈ ఎరుపు వెలుగు నిజంగా పనిచేస్తుందా, లేక మనసుకు తృప్తి కోసమా?

నానోమీటర్ నాగమణి:

కణానికి శక్తి తయారుచేసిపెట్టే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఈ వెలుగును పీల్చుకుంటుందనేది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. హంగరీలో ఎండ్రే మెస్టర్ 1960లలో ఎలుకల మీద బలహీనమైన ఎరుపు లేజర్ వేస్తే వెంట్రుకలు త్వరగా పెరిగాయి, కథ అక్కడ మొదలైంది. సన్న గీతలు కొంచెం తగ్గడం, ఎర్రదనం తగ్గడం వరకు ఆశించొచ్చు. రెటినాల్‌నీ సన్‌స్క్రీన్‌నీ మానేసి దీన్ని నమ్ముకుంటే మాత్రం నష్టం మీదే.

చుక్కలచీర:

ఇద్దరికీ థాంక్స్ అండీ. అయితే రాత్రి ముఖం కడిగి, ఎరుపు పెట్టుకుని, తీశాక రెటినాల్. సరేనా?

స్కిన్ ఓపీ సిస్టర్:

సరే, కానీ తీసిన వెంటనే వద్దు. ముఖం వెచ్చగా, చెమ్మగా ఉన్నప్పుడు రెటినాల్ కూడా ఎక్కువే కొరుకుతుంది. వేడి దిగి పొడిబారాక ముందు మాయిశ్చరైజర్, దానిమీద రెటినాల్. కొత్తలో మాస్క్ రాత్రి, రెటినాల్ రాత్రి వేర్వేరుగా పెట్టుకుంటే ఏది మీకు పడటంలేదో తెలుస్తుంది. గ్లైకాలిక్ రాత్రి మాస్క్‌కి సెలవు. విటమిన్ సి పొద్దున ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి.

ఒకటి అడగడం మర్చిపోయాను. మొటిమలకు మాత్రలేమైనా వేసుకుంటున్నారా?

చుక్కలచీర:

డాక్సీసైక్లిన్ రాశారు సిస్టర్. కోర్సు ఇంకా కొంచెం మిగిలే ఉంది. పైపూత కాదు కదా అని ఇక్కడ రాయలేదు.

స్కిన్ ఓపీ సిస్టర్:

దాని పేచీ ఎక్కువగా అల్ట్రావయొలెట్‌తోనే. అయినా వెలుగుకు చర్మాన్ని సున్నితం చేసే మందుల జాబితాలో అది ఉంది, మొటిమలకే ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్ర కూడా ఉంది. చాలా మాస్కుల పుస్తకాల్లో వీటితో వాడొద్దనే ఉంటుంది. కళ్ల సంగతీ చూసుకోవాలి. కొన్ని కంటి జబ్బులున్నవాళ్లకు, కళ్లను వెలుగుకు సున్నితం చేసే మందులు వాడేవాళ్లకు హాని జరగొచ్చన్న అనుమానంతోనే 2019లో న్యూట్రోజీనా కంపెనీ తన లైట్ మాస్క్‌ను వెనక్కి తీసుకుంది. కోర్సు అయ్యేదాకా మీ మాస్క్‌ను పెట్టెలోనే ఉంచండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మాస్క్ మోడ్‌ల ఫోటో చూపించి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చో అడగండి.