సాంద్రత రెట్టింపు చేసినా ప్లాస్మా వాహకత పెరగట్లేదు, ప్రోగ్రామ్‌లో తప్పుందా?

ప్రశ్న:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం, పూర్తిగా అయనీకరణ చెందిన (పరమాణువులన్నీ అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన) హైడ్రోజన్ ప్లాస్మాకు విద్యుత్ వాహకత లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఉష్ణోగ్రత 100 ఎలక్ట్రాన్ వోల్టులు (సుమారు 11.6 లక్షల కెల్విన్‌లు), సాంద్రత ఘనమీటరుకు 10¹⁹ ఎలక్ట్రాన్లు ఇస్తే నిరోధకత (వాహకతకు విలోమం) సుమారు 7×10⁻⁷ ఓమ్-మీటర్లు వచ్చింది. సాంద్రత రెట్టింపు చేశాను. వాహకత 3 శాతం కూడా పెరగలేదు! కరెంటు మోసేవి రెట్టింపైతే కరెంటూ రెట్టింపు కావాలి కదండీ? వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడ వెతకమంటారు?

జవాబు:
ప్రోగ్రామ్‌ని కదపకండి, సరిగ్గానే చెబుతోంది. ఎలక్ట్రాన్లు రెట్టింపైతే వాటికి అడ్డుపడే అయాన్లూ రెట్టింపవుతాయి. ప్లాస్మా తటస్థంగా ఉండాలి కాబట్టి ఒకటి పెరిగి రెండోది ఆగదు. వాహకత సూత్రంలో పైన సాంద్రత ఉంది, కింద అభిఘాతాల (ఎలక్ట్రాన్లు అయాన్లతో ఢీకొనడం) రేటు ఉంది. ఆ రేటులోనూ సాంద్రతే ఉంది కాబట్టి రెండూ కొట్టుకుపోతాయి.

మిగిలిన ఆ కాస్త పెరుగుదల కూలుంబ్ లాగరిథమ్ నుంచి వచ్చింది; దగ్గరి, దూరపు అయాన్ల ప్రభావాలను కలిపి లెక్కించే ఈ అంకె నిరోధకతలో గుణకంగా ఉంటుంది. సాంద్రత పెరిగితే డిబై దూరం (ఒక అయాన్ ప్రభావం చేరగల దూరం) తగ్గుతుంది, దూరపు అయాన్ల ప్రభావం ఎలక్ట్రాన్‌ దాకా రాదు. మీ అంకెలకు లాగరిథమ్ దాదాపు 13.6 నుంచి 13.3కి దిగుతుంది, అంతే.

వైవాలో అసలు అడిగేది వేరే ఉంటుంది: "ఇక్కడ అభిఘాతం అంటే ఏమిటి?" బిలియర్డ్స్ బంతుల్లా ఢీకొట్టుకోవడం అని చెప్పారో, దొరికిపోతారు. కూలుంబ్ బలం దూరం నుంచీ లాగుతూనే ఉంటుంది. ఒక్కసారిగా పెద్ద కోణంలో తిరగడం అరుదు. లెక్కలేనన్ని చిన్నచిన్న వంపులు కలిసి ఎలక్ట్రాన్ దారి మళ్లిస్తాయి, వాటి మొత్తం ప్రభావం పెద్ద మలుపులకంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. వేగం పెరిగేకొద్దీ ఈ వంపు బాగా తగ్గిపోతుంది. పరిక్షేపణ మధ్యచ్ఛేదం (ఎలక్ట్రాన్ దారి మళ్లే అవకాశాన్ని కొలిచే వైశాల్యం) వేగపు నాలుగో ఘాతానికి విలోమం కదా. అందుకే నిరోధకత ఉష్ణోగ్రత 3/2 ఘాతానికి విలోమంగా పడిపోతుంది. లోహాలకు పూర్తిగా ఎదురు. మీ 100 ఎలక్ట్రాన్ వోల్టుల ప్లాస్మా స్టెయిన్‌లెస్ స్టీల్ స్థాయిలో ఉంది. 1000కి తీసుకెళ్లండి, రాగికి దగ్గరగా వస్తుంది.

ఇంకొకరి జవాబు:
పై జవాబుకు ఒక చేర్పు. ఈ నిరోధకత సూత్రాన్ని స్పిట్జర్ సూత్రం అంటారు; దానికి స్పిట్జర్, హార్మ్ 1953లో ఇచ్చిన 0.51 గుణకం మీ ప్రోగ్రామ్‌లో ఉన్నట్టే ఉంది, లేకపోతే నిరోధకత దాదాపు రెట్టింపు వచ్చేది. వేగంగా పోయే ఎలక్ట్రాన్లకు అడ్డు తక్కువ కాబట్టి కరెంటులో ఎక్కువ వాటా అవే మోస్తాయి. గుణకం అందుకే 1 కంటే తక్కువ. ఎలక్ట్రాన్లు తమలో తాము ఢీకొంటే వాటి మొత్తం ద్రవ్యవేగం మారదు గానీ, ఈ వేగపు తేడా కొంత చదునవుతుంది. అదే లేకపోతే గుణకం 0.3 దాకా దిగేది. అయస్కాంత క్షేత్రానికి అడ్డంగా పారే కరెంటుకు మాత్రం ఈ 0.51 వాడకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. మా ల్యాబ్‌లోని గ్లో డిశ్చార్జ్ ట్యూబుకీ (తక్కువ పీడనపు వాయువులో కరెంటు పారించి వెలిగించే గొట్టం) ఇదే సూత్రం పెట్టొచ్చా?

మొదటి జవాబు రాసినవారు:
వద్దు. అందులో అయనీకరణ చాలా తక్కువ, ఎలక్ట్రాన్లను ఆపేది ఎక్కువగా తటస్థ పరమాణువులు. అక్కడ మీరు మొదట ఊహించిందే నిజం: వాయు పీడనం మార్చకుండా ఎలక్ట్రాన్ల సాంద్రత రెట్టింపైతే వాహకతా ఇంచుమించు రెట్టింపే. విద్యుత్ క్షేత్రం మరీ బలంగా ఉన్నప్పుడు స్పిట్జర్ సూత్రం కూడా నిలబడదు. వేగమున్న ఎలక్ట్రాన్లకు అడ్డు తగ్గుతూ పోయి, అవి ఆగకుండా వేగం పుంజుకుంటాయి; ఆ హద్దు డ్రైసర్ క్షేత్రం. టోకమాక్‌లలో (ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో బంధించే ఫ్యూజన్ యంత్రాలు) ఇదో పెద్ద తలనొప్పి. ఇక ఉష్ణోగ్రత కెల్విన్‌లలో ఇచ్చే డేటా వాడితే, ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చడానికి ముందు 11,600తో భాగించండి, లాగరిథమ్ సహజ లాగరిథమేనా అన్నదీ ఒకసారి చూసుకోండి.