అప్‌డేట్: మూత్రంలో నురగ, ప్రోటీన్ 3+, క్రియాటినిన్ నార్మల్ (చెన్నై) – కారణం దొరికింది

నాలుగు నెలల కిందటి ప్రశ్న ఇదీ: అక్కకి 34 ఏళ్లు, పాదాల వాపు, మూత్రంలో నురగ, ప్రోటీన్ 3+ (అంటే చాలా ఎక్కువ), కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ మాత్రం 0.8, నార్మలే. ప్రోటీన్-క్రియాటినిన్ రేషియో (మూత్రంలో ఎంత ప్రోటీన్ పోతోందో చెప్పే పరీక్ష) చేయించమన్నవారికీ, ముఖ్యంగా "ఏ క్రీములు, నాటు మందులు వాడుతున్నారు?" అని అడిగినవారికీ చాలా థాంక్స్. ఆ ప్రశ్నే దారి చూపింది.

రేషియో 5.2 (చాలా ఎక్కువ), రక్తంలో ఉండే ప్రోటీన్ ఆల్బుమిన్ 2.3 (తక్కువ) వచ్చాయి. ఇలాంటి కిడ్నీ జబ్బుని పట్టే పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ రక్తపరీక్ష నెగెటివ్ కావడంతో కిడ్నీ బయాప్సీ (చిన్న ముక్క తీసి చూడటం) చేశారు. మెంబ్రేనస్ నెఫ్రోపతి అని తేలింది. అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్ గోడకి బయటివైపు యాంటీబాడీలు పేరుకుని, ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతోంది. ఆ ముక్కకి అదనంగా రంగు వేసి చూస్తే (స్టెయిన్) నెల్-1 అనే ప్రోటీన్ పాజిటివ్. ఈ రకంలో పాదరసాన్నీ, క్యాన్సర్‌నీ తప్పక వెతకాలట. క్యాన్సర్ పరీక్షల్లో ఏమీ లేదు. రక్తంలో, మూత్రంలో పాదరసం మాత్రం ఎక్కువ. తెల్లబడే క్రీముల్లో కొన్నింటిలో పాదరసం ఉంటుంది కాబట్టి అనుమానం క్రీమ్ మీద పడింది. ఏడు నెలలుగా ముఖానికి రాస్తున్న తెల్లబడే క్రీమ్ డబ్బా తిప్పి చూస్తే దేనితో చేశారో లేదు, బ్యాచ్ నంబరూ లేదు.

క్రీమ్ ఆపేశారు. మూత్రంలో ప్రోటీన్ తగ్గించే బీపీ మందు టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., వాపుకి కొన్నాళ్లు ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు), రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు. స్టెరాయిడ్ అవసరం పడలేదు. ఇప్పుడు రేషియో 0.9, ఆల్బుమిన్ 3.6. టెల్మిసార్టాన్ మొదలుపెట్టిన రెండు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూశారు. గర్భం అనుకునేవాళ్లు ఈ మందు గురించి ముందే డాక్టర్‌కి చెప్పాలి.

అల్ట్రాసౌండ్, యూరిన్ కల్చర్ రెండూ నార్మల్, వాటితో ఏమీ తేలలేదు. బార్లీ నీళ్లు పనిచేయలేదు. వాపు ఉన్నప్పుడు నీళ్లు ఎక్కువ తాగించడం తప్పే.