మిథనాల్ వోల్టామోగ్రామ్‌లో వెనక్కి వచ్చేటప్పటి పీక్ దేనిది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎం.ఎస్సీ. ప్రాజెక్టులో ప్లాటినం-కార్బన్ క్యాటలిస్ట్ మీద మిథనాల్ ఆక్సీకరణ చూస్తున్నాను. వోల్టేజీని పెంచి, మళ్లీ తగ్గిస్తూ కరెంట్ ఎలా మారుతుందో గీసే గ్రాఫ్ (వోల్టామోగ్రామ్) తీస్తున్నాను. 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 1 మోలార్ మిథనాల్, స్కాన్ వేగం సెకనుకు 50 మిల్లీవోల్టులు, రిఫరెన్స్ (వోల్టేజీని దేనితో పోల్చి కొలుస్తామో ఆ ఎలక్ట్రోడ్) సిల్వర్-సిల్వర్ క్లోరైడ్. వోల్టేజీ పైకి వెళ్లేటప్పుడు 0.65 వోల్టుల దగ్గర ఒక పీక్, వెనక్కి వచ్చేటప్పుడు 0.45 దగ్గర ఇంకొకటి వస్తున్నాయి. రెండోది ఉపరితలానికి అంటుకుని మిగిలిన కార్బన్ మోనాక్సైడ్‌దని, మొదటి పీక్‌ని రెండోదానితో భాగిస్తే క్యాటలిస్ట్ తనను కప్పేసి పనిచేయనివ్వని ఆ విషాన్ని ఎంత తట్టుకుంటుందో తెలుస్తుందని చాలా పేపర్లలో చదివాను. నాకు 1.1 వచ్చింది. క్యాటలిస్ట్ పనికిరానట్టేనా? వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
ఆ నిష్పత్తి చూసి కంగారు పడకండి. దానితో క్యాటలిస్ట్‌ను తూచడమే సరికాదు.

ముందు మీ అంకెల్ని రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ స్కేలుకి మార్చుకోండి. సంతృప్త పొటాషియం క్లోరైడ్ ఎలక్ట్రోడ్ అయితే 0.197, ఆమ్లం పీహెచ్ కోసం మరో 0.02 కలపాలి. పీకులు సుమారు 0.87, 0.67 దగ్గరికి వస్తాయి. ఇకపై నేను చెప్పే వోల్టులన్నీ ఈ స్కేలులోనివే.

ప్లాటినానికి అంటుకున్న మోనాక్సైడ్ 0.7-0.8 వోల్టుల దగ్గరే కార్బన్ డయాక్సైడ్‌గా మారి వెళ్లిపోతుంది. మీ స్కాన్ 1.2 దాకా వెళ్లిందంటే, వెనక్కి తిరిగేసరికి అది మిగిలే అవకాశమే లేదు. అక్కడ ఉండేది ఆక్సైడ్ పొర. మొదటి పీక్ తర్వాత కరెంట్ పడిపోయింది కూడా దానివల్లే. కిందికి దిగుతుంటే ఆ పొర పోయి శుభ్రమైన ప్లాటినం బయటపడుతుంది, ద్రావణంలోని తాజా మిథనాల్ దాని మీద ఆక్సీకరణ చెందుతుంది. మీ రెండో పీక్ అదే. రెండు పీకులూ మిథనాల్‌వే.

నమ్మకం కుదరకపోతే పై హద్దును 1.0, 1.1, 1.2, 1.3గా మారుస్తూ స్కాన్ చేయండి. హద్దు పెరిగేకొద్దీ ఆక్సైడ్ మందమై, వెనక్కి వచ్చే పీక్ చిన్నదవుతూ తక్కువ వోల్టేజీ వైపు జరుగుతుంది. క్యాటలిస్ట్ అదే, నిష్పత్తి మాత్రం పెరుగుతుంది! రివ్యూలో ఈ ఒక్క గ్రాఫ్ చూపించినా చాలు.

ఇంకోమాట: మీ రిఫరెన్స్ నుంచి క్లోరైడ్ కారి ప్లాటినం మీద చేరితే కరెంట్ తగ్గుతుంది. మెర్క్యురీ-మెర్క్యురస్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్ దొరికితే అది వాడండి.

ప్రశ్న:
చాలా థాంక్స్ సార్. మరి విషప్రభావాన్ని ఎలా కొలవాలి? ప్లాటినం-రుథేనియం కూడా చేయాలి.

జవాబు:
మోనాక్సైడ్ స్ట్రిప్పింగ్ చేయండి, అంటే ఉపరితలానికి మోనాక్సైడ్‌ను అంటించి, అది ఏ వోల్టేజీ దగ్గర ఆక్సీకరణ చెంది పోతుందో చూడటం. 0.1 వోల్టుల దగ్గర పట్టి ఉంచి ఆ వాయువు పంపాలి. తర్వాత, వోల్టేజీ వదలకుండానే, ద్రావణంలో మిగిలింది పోయేదాకా ఆర్గాన్ పంపి, అప్పుడు స్కాన్ చేయాలి. పీక్ ఎంత ముందు మొదలైతే అంత మంచిది. దీనికి తోడు మిథనాల్‌లో 0.6 వోల్టుల దగ్గర కరెంట్ కాలంతో ఎలా పడిపోతుందో చూడండి.

మోనాక్సైడ్ పోవాలంటే నీటి నుంచి హైడ్రాక్సిల్ కావాలి. ప్లాటినం కంటే రుథేనియం దాన్ని 0.2-0.3 వోల్టుల ముందే తయారుచేసి పక్కనున్న ప్లాటినానికి అందిస్తుంది. వటనబె, మోటూ అనే శాస్త్రవేత్తలు 1975లో ప్రతిపాదించిన వివరణ ఇది. కానీ ప్లాటినం-రుథేనియం క్యాటలిస్ట్‌ను 1.2 దాకా స్కాన్ చేయొద్దు, రుథేనియం కరిగిపోతుంది. 0.8 దగ్గరే ఆపేయండి.

మరో సభ్యురాలు:
ఇథనాల్‌కీ ఇదే వర్తిస్తుందా అండీ?

జవాబు:
కొంతవరకే. మిథనాల్ పూర్తిగా ఆక్సీకరణ చెందితే 6 ఎలక్ట్రాన్లు, ఇథనాల్ అయితే 12. కానీ ఇథనాల్‌లో రెండు కార్బన్ల మధ్య బంధం తెగడం కష్టం. ఎక్కువ భాగం 2 ఎలక్ట్రాన్లిచ్చి ఎసిటాల్డిహైడ్ దగ్గరో, 4 ఇచ్చి ఎసిటిక్ ఆమ్లం దగ్గరో ఆగిపోతుంది. ప్లాటినానికి టిన్ కలిపితే కరెంట్ బాగా పెరుగుతుంది గానీ బంధం తెగుతోందని దానర్థం కాదు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆడ్జిక్ అనే శాస్త్రవేత్త బృందం 2009లో రోడియం కూడా కలిపింది ఆ బంధాన్ని తెంచడం కోసమే. కాబట్టి ఇథనాల్ చేస్తే కరెంట్ ఒక్కటే చూడకుండా ఏ పదార్థాలు తయారయ్యాయో కూడా పరీక్షించండి.

మొదట అడిగిన వారికి: మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, డిటెక్టర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ల్యాబ్‌లో ఒక్కరే ఉన్నప్పుడు సిలిండర్ తెరవకండి.